స్టీలు పళ్లెంతో పోర్ట్‌ఫోలియో

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేటలో మనిషి ఫొటో దిగాలంటే దానికి తగిన కారణం ఒకటి చూపించాల్సిందే. హాల్ టికెట్టుకో, రేషన్ కార్డుకో, పెళ్లిచూపులకో తప్ప ఊరికే స్టూడియో మెట్లెక్కితే "ఏమ్మా, ఏదన్నా అప్లికేషన్ పెడుతున్నావా?" అని దారిలో ముగ్గురైనా ఆపి అడిగేవాళ్లు. ఫోనుల్లో కెమెరాలు వచ్చాయనే మాటే గానీ, అవి తీసిన బొమ్మలో మనిషెక్కడో గోడెక్కడో తెలియాలంటే కళ్లు చికిలించి చూడాలి. అలాంటి రోజుల్లో ఏ అప్లికేషనూ లేకుండా, ఏ పెళ్లిచూపులూ లేకుండా, నా ఫొటోలు నాకోసమే ఓ డజను తీయించుకోవాలని బయల్దేరా. ఎందుకంటారా? మోడల్‌ని అవుదామని. (నవ్వితే నవ్వండి, ఫర్వాలేదు. నేనూ నవ్వుతూనే రాస్తున్నా.)

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. నందిగామలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతూ రోజూ పల్లెవెలుగు బస్సులో వెళ్లొస్తుండేదాన్ని. మా నాన్నగారికి జగ్గయ్యపేట బజార్లో స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. మా వైపు వాళ్లలో ఎవరికీ లేని పొడుగు నాకెలా వచ్చిందో గానీ, అయిదడుగుల ఎనిమిదంగుళాలు పెరిగి కూర్చున్నా. "అటక మీద గిన్నెలు దించడానికి తప్ప ఈ పొడుగు ఎందుకు పనికొస్తుందే?" అని మా అమ్మ దిగులు. కాలేజీ వార్షికోత్సవం రోజున పట్టుచీర కట్టుకుని స్టేజీ మీద దీపం పట్టుకుని నిలబడితే, కింద కూర్చున్న వాళ్లలో ఎవరో "మోడల్‌లా ఉంది కదే" అన్నారు. అన్నదెవరో ఇప్పటికీ తెలీదు. నా గురించే అన్నారో లేదో కూడా తెలీదు. నేను మాత్రం ఆ మాటని ఇంటికి తెచ్చుకుని, తలగడ కింద పెట్టుకుని పడుకున్నా.

సరిగ్గా ఆ నెలలోనే పేపర్లో ఒక చిన్న ప్రకటన కనిపించింది. విజయవాడలో ఒక ప్రకటనల కంపెనీకి కొత్త ముఖాలు కావాలట, నెలాఖరులోగా పోర్ట్‌ఫోలియోతో వచ్చి కలవాలట. పోర్ట్‌ఫోలియో అంటే మంత్రులకి ఇస్తారని మాత్రమే తెలుసు నాకు. నందిగామ బస్టాండు దగ్గరి నెట్ సెంటర్లో అరగంట కూర్చుని ఆ రహస్యం ఛేదించా. మొహం దగ్గరగా ఒకటి, నిలువెత్తుది ఒకటి, పక్కనించి ఒకటి, మేకప్ లేకుండా ఒకటి, సంప్రదాయంగా కొన్ని, మోడ్రన్‌గా కొన్ని... ఇలా రకరకాలుగా తీయించి ఆల్బమ్‌లో పెట్టాలట. అక్కడే ఇంకో కిటుకు కూడా రాసుంది. కొత్త మోడల్‌కి ఫొటోలు కావాలి, కొత్త ఫొటోగ్రాఫర్‌కి మోడల్ కావాలి, కొత్తగా మేకప్ వేసేవాళ్లకి చూపించుకోవడానికి ఒక మొహం కావాలి, కాబట్టి ముగ్గురూ కలిస్తే ఎవరూ ఎవరికీ ఏమీ ఇచ్చుకోనక్కర్లేదు, ఫొటోలు మాత్రం ముగ్గురూ పంచుకోవచ్చు అని. దాన్ని నోట్సు వెనక పేజీలో రాసుకుని, చుట్టూ గీత కూడా గీశా. ఏ పరీక్షకీ అంత శ్రద్ధగా చదవలేదు నేను.

ఫొటోగ్రాఫర్ నందిగామలోనే దొరికాడు. నా క్లాస్‌మేట్ వాళ్ల పెద్దన్నయ్య. అప్పుడే పెద్ద కెమెరా కొని పెళ్లిళ్లకి వెళ్లడం మొదలుపెట్టాడు. నోరు తెరిస్తే "లైటింగ్ పోతోంది" అనేవాడు కాబట్టి మేమంతా లైటింగ్ అన్నయ్య అని పిలిచేవాళ్లం. నేను సంగతి చెప్పేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. "ఎప్పుడూ పెళ్లిళ్లేనా చెల్లెమ్మా, నాకూ ఆర్టిస్టిక్‌గా తీయాలని ఉంది" అన్నాడు. మేకప్‌కి మా వీధి చివర కొత్తగా పార్లర్ తెరిచిన అక్క ఒప్పుకుంది, ఒక షరతు మీద. "నా బోర్డు మీదకి పెళ్లికూతురి ఫొటో కావాలి పిల్లా. ఒక్కసారి నిన్ను పెళ్లికూతుర్ని చేస్తా, చేతులకి గోరింటాకు కూడా పెడతా. ఆ తర్వాత నీ ఇష్టం."

ఇక మిగిలింది ఇల్లు. ఒంటరిగా వెళ్లొద్దు, మనవాళ్లనెవరినైనా వెంట తీసుకెళ్లమని కూడా ఆ నెట్‌లోనే రాసుంది. నాన్నగారికి చెప్పే ధైర్యం లేదు, అమ్మకి చెబితే నాన్నగారికి చెప్పినట్టే. అందుకని మా నాయనమ్మని పట్టుకున్నా. ఆవిడ తాంబూలం నములుతూ అంతా విని, కాసేపు ఆలోచించి, "నాకేంటే లాభం?" అంది. (వ్యాపారస్తుల ఇంటి ఆడపడుచు మరి.) "ఏం కావాలి నాయనమ్మా?" అన్నా. "నాదీ మంచి ఫొటో ఒకటి తీయించు. రేపు నేను పోయాక మీరంతా హడావుడిగా ఆధార్ కార్డు మీది ఫొటో పెద్దది చేయించి గోడకి తగిలిస్తారు. అందులో నేను దొంగలా ఉన్నా" అంది. ఒప్పందం కుదిరింది.

మొదటి ఆదివారం మోడ్రన్ ఫొటోలు. ముక్త్యాలలో ఉన్న మా నాయనమ్మ చెల్లెల్ని చూసొస్తామని ఇంట్లో చెప్పి బయల్దేరాం. స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చుకున్న జీన్స్ పార్లర్‌లోనే వేసుకుని, పైన చున్నీ కప్పుకుని ఆటో ఎక్కా. ముక్త్యాల దారిలోనే సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్లే రోడ్డు పక్కన, వెనకాల పెద్ద పొగగొట్టం కనబడేట్టు నన్ను ఒక కల్వర్టు మీద కూర్చోబెట్టాడు లైటింగ్ అన్నయ్య. "నవ్వొద్దు చెల్లెమ్మా. పెద్ద పెద్ద మోడళ్లు నవ్వరు. దూరంగా చూడు, దిగాలుగా చూడు" అన్నాడు. నాకు దిగాలు రాలేదు. ఆయన కాస్త ఆలోచించి, తనకి బాగా తెలిసిన దారిలోకే వచ్చాడు. "అప్పగింతలప్పుడు ఎలా ఉంటుంది? అలా." వెంటనే వచ్చేసింది దిగాలు. తల ఒక పక్కకి వాల్చి, చెయ్యి నుదుటికి ఆనించి, ఆకాశంలోకి చూస్తూ కూర్చున్నా. అంతలో సిమెంటు లారీ ఒకటి కీచుమంటూ ఆగింది. డ్రైవరు నీళ్ల సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, కోదాడ వైపు మనిషిలా ఉన్నాడు. "ఏమైందమ్మా, దెబ్బ తగిలిందా? ఎవడు గుద్దిండు? నీళ్లు తాగుతవా?" అని ఒకటే కంగారు. ఫొటోలు తీసుకుంటున్నామని మేం చెప్పేలోపే నాయనమ్మ ఆ సీసా అందుకుని నీళ్లు తాగేసి, "సల్లగుండు నాయనా" అని దీవించి పంపించింది. ఆ లారీ, దాని వెనకాలే ఇంకో నాలుగు లారీలు లేపిన దుమ్ముకి నా జుట్టు, కనుబొమ్మలు తెల్లగా అయిపోయాయి. నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడు నాకు అక్కలా ఉన్నావే" అంది. ఆ రోజు తీసిన అరవై ఫొటోల్లో పనికొచ్చినవి నాలుగు.

ఆ నాలుగింట్లో కూడా మొహం సగం నల్లగా వచ్చింది. ఎండ ఒక పక్కనించి పడుతోంది, రెండో పక్కకి వెలుతురు తిప్పడానికి రిఫ్లెక్టర్ అనేది ఒకటి ఉండాలట, అది మన దగ్గర లేదని లైటింగ్ అన్నయ్య బాధపడ్డాడు. నాకు తళుక్కున మా కొట్టు గుర్తొచ్చింది. తాంబూలాలకీ సారెకీ కొనుక్కెళ్లే పెద్ద పళ్లేలు, అద్దంలా మెరిసేవి, వరసగా పేర్చి ఉంటాయి. నాన్నగారు మధ్యాహ్నం భోజనానికి వెళ్లినప్పుడు అన్నిట్లోకీ పెద్దది తీసి నాయనమ్మ పాత చీరలో చుట్టి ఇంటికి చేర్చా.

రెండో ఆదివారం వేదాద్రి. స్వామికి మొక్కుందని చెప్పాం. (ఆ మాటకి తర్వాత నిజంగానే కొబ్బరికాయ కొట్టి క్షమించమని అడిగా.) పార్లర్ అక్క షరతు ప్రకారం నన్ను నిండు పెళ్లికూతుర్ని చేసింది. పట్టుచీర, పూలజడ, వడ్డాణం, బుగ్గన చుక్క. ముందు గోరింటాకు చేతులు మాత్రం దగ్గరగా ఒక ఫొటో తీయించుకుంది. తర్వాత ఒప్పందం ప్రకారం నాయనమ్మకీ ఒక మంచి ఫొటో తీసి, కృష్ణ ఒడ్డున మెట్ల మీద నన్ను కూర్చోబెట్టారు. నాయనమ్మ పళ్లెం పట్టుకుని ఎదురుగా నిలబడింది. ఆవిడ చెయ్యి కదిలినప్పుడల్లా ఎండ నా కళ్లల్లో పడి కన్నీళ్లొస్తుంటే, "ఆ, అదే, అదే ఫీలింగ్" అంటూ లైటింగ్ అన్నయ్య చకచకా తీస్తున్నాడు. నేను జన్మలో అంత అందంగా ఉన్నది ఆ గంటసేపే అనుకుంటా.

దర్శనం చేసుకుని మెట్లు దిగుతున్న ఒకావిడ మా ముందుకొచ్చి ఆగిపోయింది. మా కొట్లో బిందెలు కొనే పిన్నిగారు. నన్ను చూసింది, గోరింటాకు చూసింది, కెమెరా చూసింది, నాయనమ్మ చేతిలో పళ్లెం చూసింది. "అయ్యో, తాంబూలాలు పుచ్చుకున్నారా! మాట మాత్రమైనా చెప్పలేదే! పెళ్లికొడుకు ఏడండీ పెద్దమ్మా?" అంది. నిజం చెబితే ఇంట్లో తెలిసిపోతుందని నాయనమ్మ ఎప్పటిలాగే తడుముకోకుండా, "వస్తున్నాడు, దారిలో ఉన్నాడు" అంది.

పిన్నిగారు పెళ్లికొడుకు కోసం ఆగలేదు. మాకన్నా ముందు బస్సెక్కింది.

మేం నగలు తీసి, మొహాలు కడుక్కుని, సాయంత్రానికి బజార్లోకి వచ్చేసరికి మా కొట్టు ముందు జనం. ఎవరో మిఠాయి పొట్లం కూడా తెచ్చారు. మా నాన్నగారి స్వభావం ఎలాంటిదంటే, ఎదుటి మనిషి ఏమన్నా "సంతోషమండి" అనడమే గానీ కాదనడం ఆయనకి రాదు. "శుభవార్త అటగదండీ!" అంటే "సంతోషమండి." "అబ్బాయిది ఏ ఊరు?" అంటే "ఇంకా అన్నీ మాట్లాడుకోవాలండి." "ముహూర్తం ఎప్పుడు?" అంటే "అదీ చూడాలండి." తన కూతురికి పెళ్లి కుదిరిందన్న వార్తని, ఎవరితో కుదిరిందో తెలీకుండా, మధ్యాహ్నం నించీ అలా ఒంటి చేత్తో మోస్తున్నారు పాపం. నన్ను చూడగానే కొట్టు కట్టేసి ఇంటికి నడిచారు.

ఇంట్లో కుర్చీ చూపించి "కూర్చోమ్మా" అన్నారు. అమ్మ గుమ్మం దగ్గర కొంగు నోట్లో పెట్టుకుని నిలబడింది.

"అబ్బాయిది ఏ ఊరమ్మా?" అన్నారు నాన్నగారు. గొంతులో కోపం లేదు. ఆయన నిజంగానే అడుగుతున్నారు. అది చూసేసరికి నాకు ఏడుపొచ్చేసింది.

"అబ్బాయి లేడు నాన్నా."

"లేడా?"

"లేడు."

"మరి తాంబూలాలు ఎవరిచ్చారు?"

"తాంబూలాలు కూడా లేవు నాన్నా. పళ్లెం ఒక్కటే ఉంది."

ఆ మాటకి అమ్మ "దేవుడా" అని గోడకి ఆనుకుంది. నాయనమ్మ చీరలో చుట్టిన పళ్లెం తీసి బల్ల మీద పెట్టి, తన తప్పేం లేదన్నట్టు పెరట్లోకి వెళ్లిపోయింది. ఇక నేను ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ, ప్రకటన సంగతి, నెట్ సెంటరు, లారీ డ్రైవరు, అన్నీ వరసగా చెప్పేశా. నోట్సు వెనక పేజీ కూడా చూపించా. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని, గీత గీసిన ముక్క మొదట్నించీ చివరిదాకా చదివారు. చదివి కళ్లజోడు తీశారు.

"ఇది నీకు కావాలని మాకెందుకు చెప్పలేదమ్మా?"

"వద్దంటారని."

"అంటాను. ఒకసారి అంటాను. రెండోసారి అడగాలి గదా?"

ఆ మాట ఇన్నేళ్లలో ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేను. ఆయన పళ్లెం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, అంచు మీద పడ్డ సొట్ట వేలితో తడిమి, "ఇంకా ఎన్ని ఫొటోలు కావాలి?" అన్నారు. మేకప్ లేకుండా తీసేది ఒక్కటే మిగిలిందని చెప్పా. "వాళ్లనీ వీళ్లనీ చెట్టూ పుట్టా తిప్పడం ఎందుకు? రేపు పొద్దున్న కొట్టు దగ్గరికి రమ్మను ఆ అబ్బాయిని" అన్నారు.

మర్నాడు మా కొట్టు మెట్ల మీద, మామూలు కాటన్ చుడీదార్లో, తలకి నూనె రాసుకుని, బొట్టు తప్ప ఏమీ లేకుండా కూర్చున్నా. పళ్లెం పట్టుకున్నది మా నాన్నగారు. బజారు నడిబొడ్డున, తెల్ల పంచె కట్టుకుని, "కొంచెం పైకండీ అంకుల్, కొంచెం ఎడమకండీ" అని లైటింగ్ అన్నయ్య చెప్పినట్టల్లా వంగుతూ లేస్తూ. వచ్చేపోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. పక్క కిరాణా కొట్టాయన బయటికొచ్చి, "ఏం చేస్తున్నారండీ?" అని అడిగాడు. నాన్నగారు పళ్లెం దించకుండానే, "అమ్మాయికి వెలుతురు పడుతున్నానండి" అన్నారు. తరవాత కొద్దిగా గొంతు సవరించుకుని, "పెళ్లి ఏం లేదండి. ఆ వచ్చినాయన కూడా పెళ్లికొడుకు కాదు" అని కలిపారు. ఆయన జీవితంలో ఒక మనిషి అన్న మాటని కాదని చెప్పడం నేను చూసింది అప్పుడే.

విజయవాడకి నాన్నగారే తీసుకెళ్లారు. ఆల్బమ్‌కి పన్నెండు అరలు ఉంటే మంచి ఫొటోలు పదకొండే తేలాయి. ఖాళీ అర బాగోదని, పార్లర్ అక్క తన బోర్డు కోసం తీయించుకున్న గోరింటాకు చేతుల ఫొటోని చివర్లో పెట్టా. ఆ కంపెనీ ఆఫీసులో బల్ల అవతల కూర్చున్న పెద్దమనిషి పేజీలు తిప్పుకుంటూ పోయాడు. ముక్త్యాల దిగాలు వెళ్లిపోయింది. వేదాద్రి కన్నీళ్లు వెళ్లిపోయాయి. కొట్టు మెట్ల మీది ఫొటో దగ్గర ఒక్క క్షణం ఆగి అదీ తిప్పేశాడు. ఆఖరి పేజీ దగ్గర ఆగి, ఆల్బమ్‌ని కిటికీ వైపు తిప్పి చూశాడు.

"ఈ చేతులు ఎవరివండీ?"

నేను నోరు తెరిచేలోపే నాన్నగారు అందుకున్నారు. "మా అమ్మాయివేనండి. రెండూ."

గాజుల షాపు ప్రకటనకి చెయ్యి కావాలట. వారం తర్వాత మళ్లీ వెళ్లాం. మొహానికి పౌడరు కూడా అక్కర్లేదన్నారు. నాలుగు గంటలసేపు నల్లగుడ్డ వెనకాల నేనూ, నల్లగుడ్డ ముందు నా కుడిచెయ్యీ. వేళ్లు పువ్వులా విప్పమన్నారు, ముడవమన్నారు, మణికట్టు తిప్పమన్నారు. అయిదడుగుల ఎనిమిదంగుళాల్లో వాళ్లకి కావాల్సింది మూరెడే.

తర్వాత రెండు నెలలకి చిల్లకల్లు దగ్గర హైవే పక్కన ఆ హోర్డింగు లేచింది. కాలేజీకి వెళ్తూ బస్సులోంచి నేనే ముందు చూశా. ఆదివారం నాడు ఇంటిల్లిపాదీ ఆటోలో వెళ్లాం. నలుగురం రోడ్డు పక్కన తలలెత్తి నిలబడ్డాం. రెండంతస్తుల ఎత్తున నా చెయ్యి, మోచేతి దాకా ఎర్ర గాజులు. నాయనమ్మ చాలాసేపు చూసి, "మొహం ఏదే?" అంది. అమ్మ ఇంకా దగ్గరికి వెళ్లి, అనుమానంగా నా చెయ్యి పట్టుకుని, బొటనవేలు పక్కన గారెల నూనె చింది కాలిన మచ్చ వెతికి చూసి, పైన బొమ్మ చూసి, "ఇది నీ చెయ్యి కాదు. మచ్చ ఏది?" అంది. కంప్యూటర్లో తీసేస్తారని చెబితే, "మచ్చ తీసేశాక అది నీ చెయ్యని ఎవరు నమ్ముతారే?" అని బాధపడింది. నాన్నగారు మాత్రం పక్కనే ఉన్న టీ బండి దగ్గరికి వెళ్లి, అడక్కుండానే, "ఆ చెయ్యి మా అమ్మాయిదండి" అన్నారు. టీ బండి ఆయన పైకి చూసి, నన్ను చూసి, "మిగతా బొమ్మ విజయవాడలో పెట్టారాండీ?" అని మర్యాదగా అడిగాడు. నాన్నగారు యథాప్రకారం, "సంతోషమండి" అన్నారు.

ఆ కంపెనీ నించి మళ్లీ పిలుపు రాలేదు. నేనే ఇంకో రెండు చోట్లకి ఆల్బమ్ పంపా, జవాబు రాలేదు. ఏడుస్తూ కూర్చోలేదు గానీ, కొన్నాళ్లు ఫోను మోగినప్పుడల్లా పరిగెత్తిన మాట నిజం. తర్వాత బీఈడీ, తర్వాత నందిగామలో టీచరు ఉద్యోగం. అప్పుడప్పుడూ మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు వేదాద్రి వెళ్లి తీసుకున్న రీల్స్ చూపిస్తుంటారు. ఫోన్‌లో వెలుతురు అదే సర్దుకుంటుందట. బాగున్నాయర్రా అంటా. నిజంగానే బాగుంటాయి.

ఆ హోర్డింగు ఏమైందో చెప్పి ఆపేస్తా. కొన్ని నెలలకి దాని మీద ఇంకెవరిదో ప్రకటన వచ్చింది, నాది దింపేశారు. మరుసటి వేసవి మొదట్లో బీఈడీ ఎంట్రన్సు కోచింగ్‌కి నందిగామ వెళ్తుంటే చిల్లకల్లు దాటగానే పెద్ద వాన పట్టుకుంది. కళ్లంలో ఆరబోసిన మిరపకాయలు తడవకుండా ఒక రైతూ ఆయన భార్యా గబగబా కుప్ప చేసి, పైన ఒక ఫ్లెక్సీ లాగుతున్నారు. లాగి, అంచుల మీద రాళ్లు పెడుతున్నారు. బస్సు నెమ్మదైంది. చూద్దును గదా, ఎర్ర గాజులు, మణికట్టు, రెండు వేళ్లు. మూడో వేలు దగ్గర చిరిగింది గానీ, మిగతా చెయ్యి బోర్లా పడుకుని ఆ కుప్పనంతటినీ కప్పేసింది. వాన చుక్కలు దాని మీద నించి జారిపోతున్నాయి.

కిటికీకి మొహం ఆనించి ఒక్కదాన్నే నవ్వుకున్నా. పక్క సీట్లో ఆవిడ "ఏంటమ్మా?" అని అడిగితే, "మిరపకాయలు తడవలేదండి" అన్నా. ఆవిడ వింతగా చూసి అటు తిరిగింది. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు ఆ కల్వర్టు మీద దిగాలుగా ఆకాశంలోకి చూసిన పిల్ల గుర్తొస్తే, వెళ్లి ఆ పిల్ల జుట్టు మీద సిమెంటు దులపాలనిపిస్తుంది. దులిపి, అంత దిగాలు అక్కర్లేదులే, కాస్త నవ్వు అని చెప్పాలనిపిస్తుంది. వినదనుకోండి. పెద్ద మోడళ్లు నవ్వరని దానికి గట్టి నమ్మకం.